కొట్టనివ్వని కిక్

గెలిచినవాళ్ళు రెఫరీని తిట్టడం ఎక్కడైనా విన్నారా? ఓడినవాళ్ళు తిట్టారంటే అర్థం ఉంది, కడుపు మంట. కానీ ఆ శనివారం మధ్యాహ్నం కూసాడా స్టేట్ మైదానంలో గెలిచిన జట్టు జనమే లేచి నిలబడి, హోలిస్ టిడ్‌మోర్‌ని పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టిపోశారు.

కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ అది, ఆట ఇరవైనాలుగు, ఇరవైనాలుగు మీద సమానంగా ఉంది. గడియారంలో మిగిలిన కాసిని సెకన్లలో కూసాడా కుర్రాడొకడు బంతి విసిరాడు, ఇంకొకడు గోల్ లైన్ అవతల గాల్లోకి ఎగిరి పట్టుకున్నాడు. వాడు కిందపడేసరికి గడియారంలో అన్నీ సున్నాలే. టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు. టాల్మడ్జ్ కాలేజీ పిల్లలు గడ్డి మీద కూలబడి ఏడుస్తున్నారు, కూసాడా పిల్లలు ఒకడి మీద ఒకడు పడి కుప్పయ్యారు. పైన వీడియో గదిలో ఉన్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు చూసి, పట్టుకోవడం సరిగ్గానే పట్టాడన్నారు. అప్పుడు హోలిస్ నడుముకున్న మైకు మీట నొక్కి, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"టచ్‌డౌన్ చెల్లింది. సమయం అయిపోయింది. నిబంధన ప్రకారం ఇక కిక్ ఉండదు. ఆట ముగిసింది."

అంతే, స్టేడియంలో సగం కేకలు ఠక్కున ఆగిపోయాయి. మిగిలిన సగం కేకలు బూతులయ్యాయి.

సంగతి ఏమిటంటే, టచ్‌డౌన్ తర్వాత బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకో పాయింటు వస్తుంది. మామూలుగా ఆ కిక్ కొట్టాల్సిందే. కానీ టచ్‌డౌన్ పడేసరికే సమయం అయిపోయి, ఆ ఒక్క పాయింటుతో గెలుపోటములు మారేది లేకపోతే, కొట్టకూడదని నిబంధనల పుస్తకంలో ఉంది. పాత రోజుల్లో కొట్టేవాళ్ళు. తేలిపోయిన ఆటలో పిల్లల మోకాళ్ళు విరగ్గొట్టడం దేనికని మాన్పించారు. మంచి పనే. కానీ పందేలు రాసుకునేవాళ్ళు ఆ వారం కూసాడా మీద ఆరున్నర పాయింట్లు పెట్టారు. అంటే కూసాడా మీద కాసినవాడికి కూసాడా గెలిస్తే చాలదు, కనీసం ఏడు పాయింట్ల తేడాతో గెలవాలి. ఆరుతో గెలిస్తే వాడి డబ్బు గోవిందా. ముప్పై, ఇరవైనాలుగు. తేడా ఆరు. ఇక మీరే చెప్పండి, అక్కడ కూర్చున్న వేలమందిలో ఎంతమంది ఆటకొచ్చారో, ఎంతమంది ఆ అర పాయింటు కోసం వచ్చారో.

"కిక్ కొట్టించరా, చారల గాడిదా" అని ఒకాయన అరిచాడు. రెఫరీల చారల చొక్కాకి అక్కడ అది పాత బిరుదే. మీద ఐసు ముక్కలు పడ్డాయి, బర్బన్ విస్కీ వాసనేసే కప్పులు పడ్డాయి. ముత్యాల దండ వేసుకున్న ఒక ముసలమ్మ రెయిలింగ్ మీదికి వంగి, "మీ అమ్మ నిన్ను చూసి సిగ్గుపడాలి" అంది. హోలిస్ తల తిప్పలేదు. తిప్పకూడదు. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్ద రెఫరీ జనంతో మాట్లాడితే ఇక వాడు రెఫరీ కాదు. లోపల మాత్రం ఒళ్ళు భగ్గుమంటోంది. గెలిచారు కదరా, ఇంకేం కావాలి మీకు. ఆ పిల్లలు మీ కోసం ఎముకలు విరగ్గొట్టుకుని గెలిపిస్తే, వాళ్ళ మొహం చూసి చప్పట్లు కొట్టడానికి మీకు చేతులు రావడం లేదు.

పోలీసులు చుట్టూ నడుస్తుంటే సొరంగం వైపు వెళుతూ, ఎప్పటిలాగే ఒక్కసారి రెఫరీల కుటుంబాలకిచ్చే సీట్ల వైపు చూశాడు. ఆ సీట్లలో కూర్చునేవాళ్ళు ఏ జట్టు రంగూ వేసుకోకూడదని లీగ్ వాళ్ళ పట్టు. బూడిద రంగు కోట్లో తమ్ముడు వెండెల్ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ తలమీద పెట్టుకుని, మెడనరాలు తేలేలా ఏదో అరుస్తున్నాడు. ఆ గోలలో ఏమీ వినపడలేదు. అయినా హోలిస్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంతమందిలో నా తరఫున నోరు చేసుకోవడానికి ఒక్కడున్నాడు, చాలు, అనుకున్నాడు.

ఇంటికెళ్ళే దారంతా వెండెల్ నోరు మెదపలేదు. ప్రతి ఆటకీ అన్నని తన ట్రక్కులో తీసుకెళ్ళి తీసుకొచ్చేది వాడే, తిరుగు దారిలో ఎప్పుడూ వాగుతూనే ఉండేవాడు. "పోనీలేరా, ఇలాంటివి నాకు కొత్తా" అని హోలిసే ఓదార్చాడు. వెండెల్ ఊఁ అన్నాడు.

మరుసటి రోజు ఆదివారం. చర్చిలో సంగతి ఇంకా దారుణం. జూదం పాపమని ఏటా వేసవి సభల్లో కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పే డీకన్ పెద్దమనిషి, గుమ్మం దగ్గర అందరితో చేతులు కలిపి హోలిస్ వంతు వచ్చేసరికి జేబులో చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏంటి డీకన్ గారూ, చెయ్యి నొప్పా?" అని అడిగింది హోలిస్ భార్య నెల్డా.

"ఆ ఒక్క కిక్ కొట్టిస్తే మీ ఆయన సొమ్మేం పోయిందమ్మా" అన్నాడాయన.

"ఆయన సొమ్ము కాదులెండి పోయింది" అంది నెల్డా. డీకన్ మొహం కందగడ్డయింది. వెనకున్న ఇద్దరు ముగ్గురు నవ్వు దాచుకోలేక దగ్గారు. హోలిస్ భార్య మోచెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కెళ్ళాడు. నెల్డా నోటికి ఎదురు లేదని ఊరికంతా తెలుసు.

అయినా ఆ ఆదివారం హోలిస్ ఎవరేమన్నా మింగడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఎందుకంటే ఆ వారంలోనే లీగ్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. డిసెంబర్‌లో జరిగే ఛాంపియన్‌షిప్ ఆటకి పెద్ద రెఫరీ అతనే. దానికోసం జీవితంలో సగం పెట్టాడు. వారమంతా వడగళ్ళకి పోయిన పత్తి చేలల్లో తిరిగి ఇన్సూరెన్సు కంపెనీకి నష్టం అంచనాలు రాసివ్వడం, శుక్రవారం వచ్చేసరికి సంచీ సర్దుకుని బయలుదేరడం. కొడుకు పుట్టినరోజులు పోయాయి, చెల్లెలి పెళ్ళి పోయింది. ఆ ఆట ఒక్కటి చేతిలో పడితే ఇక టోపీ తీసి మేకుకి తగిలించినా బాధలేదని అనేవాడు. ఇంకా ఎవరికీ చెప్పొద్దన్నారు. అతను తమ్ముడికి చెప్పాడు, తర్వాత పెళ్ళానికి చెప్పాడు. ఆ వరస నెల్డాకి ఇంకా కొంచెం మంటగానే ఉంది.

ఆదివారం భోజనం ఎప్పుడూ హోలిస్ ఇంట్లోనే. వేయించిన కోడి, వెన్న చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె. వెండెల్ చర్చికి రాకపోయినా భోజనానికి తప్పడు, పెళ్ళాం వదిలేసి వెళ్ళిన దగ్గర్నుంచీ మరీను. ఆ రోజు వచ్చి కూర్చున్నాడు గానీ, కోడి కాలు పళ్ళెంలో అటూ ఇటూ తిప్పుతున్నాడు తప్ప తినడం లేదు.

నెల్డా ఫోను చూస్తూ వంటగదిలోంచి వచ్చింది. మామూలుగా ఆవిడ చప్పుడు చేస్తూ నడుస్తుంది. ఇప్పుడు చప్పుడు లేదు. ఫోను తీసుకొచ్చి హోలిస్ పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇది చూడు."

ఎవరో పెట్టిన వీడియో. టీవీ వాళ్ళ కెమెరా జనం మీద తిరిగి తిరిగి ఒకచోట ఆగింది. బూడిద రంగు కోటు. తలమీద చేతులు. స్టేడియంలో వినపడని మాట ఇక్కడ నోటి కదలికలోనే స్పష్టంగా తెలుస్తోంది. కిక్ కొట్టించు. కిక్ కొట్టించన్నయ్యా. అని అని చివరికి ఆ మనిషి ముందు సీటు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. వీడియో కింద జనం నవ్వుకుంటూ రాసుకున్నారు. వాళ్ళలో ఒకడు మాత్రం నవ్వలేదు. 'ఇవి రెఫరీల కుటుంబాల సీట్లు. వీడెవడు?' అని అడిగాడు. ఆ ప్రశ్న కింద ఇంకా జనం చేరుతున్నారు.

హోలిస్ రెండోసారి చూశాడు. నిన్న తన ప్రాణం లేచొచ్చింది ఈ అరుపు చూసే.

"నువ్వు నన్ను తిట్టేవాళ్ళని తిడుతున్నావనుకున్నాన్రా" అన్నాడు.

వెండెల్ నీళ్ళు నమిలాడు. "నేను కూసాడా అభిమానిని కదన్నయ్యా. ఆవేశంలో..."

"అభిమానివైతే గంతులెయ్యాలి" అంది నెల్డా. "నీ జట్టు గెలిచింది వెండెల్. ఆఖరి క్షణంలో గెలిచింది. మైదానంలో పిల్లలు కావలించుకుంటుంటే నువ్వొక్కడివీ సొంతవాళ్ళెవరో పోయినట్టు ఏడుస్తున్నావు. గెలిచేశాక ఆ ఒక్క పాయింటు ఎవడికి కావాలి? పందెం కాసినవాడికి తప్ప ఎవడికి కావాలో నువ్వే చెప్పు."

"వదినా, నువ్వు కాస్త..."

"నన్ను కాస్త అనకు. నా బల్ల దగ్గర కూర్చుని నన్ను కాస్త అనకు."

హోలిస్ ఫోను బోర్లా పెట్టాడు. "కాశావా?"

వెండెల్ కోడి కాలు పళ్ళెం అంచుకి నెట్టాడు.

"వెండెల్. నేను రెఫరీగా ఉన్న ఆట మీద, నేనిచ్చిన సీట్లో కూర్చుని, పందెం కాశావా?"

"కాశాను" అన్నాడు వెండెల్, గట్టిగానే అన్నాడు. ఇక దాచడం దేనికన్నట్టు కుర్చీ వెనక్కి జరిపాడు. "పడవ అమ్మిన డబ్బంతా టైర్ల కొట్లో పందేలు రాసుకునే స్కీటర్ దగ్గర పెట్టాను. అంతా పోయింది. ఒక్క కిక్ అన్నయ్యా. కిక్ కొట్టే కుర్రాడు ఈ ఏడాది ఒక్కటి కూడా తప్పలేదు. నువ్వు ఆ మైకులో వాగకుండా ఊరుకుంటే వాళ్ళే వరసలో నిలబడి కొట్టేసేవాళ్ళు. ఎవడడిగేవాడు నిన్ను?"

"పుస్తకం అడిగేది."

"పుస్తకం. ఎప్పుడు చూసినా పుస్తకం. ఊళ్ళో సగం మంది పొయ్యిలో పిల్లి లేవకుండా చేసింది నీ పుస్తకం."

హోలిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాడు. చేతిలో ఫోర్క్ ఉందని కూడా తెలియలేదు. "ఒరేయ్, నా చొక్కా పోతుందిరా. తెలుస్తోందా నీకు? రెఫరీ ఇంట్లోవాడు పందెం కాస్తే రెఫరీని తీసేస్తారు. నువ్వు నాతో పాటు కూర్చుని పందెం కాయనని లీగ్ కాగితం మీద సంతకం పెట్టావు. డిసెంబర్ ఆట సంగతి నా పెళ్ళానికి చెప్పే ముందు నీకు చెప్పాన్రా."

"ఏమీ పోదు, విను" అని వెండెల్ కూడా లేచాడు. వాడి మొహంలో ఏదో వెలుగొచ్చింది. నిజంగానే నమ్ముతున్నాడు ఆ మాట. "ఆలోచించన్నయ్యా. నువ్వు దొంగవైతే నేను ఓడిపోతానా? నీ సొంత తమ్ముడు పడవ అమ్ముకుని కాస్తే, వాడినే ముంచేశావు. నీ నిజాయితీకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వాళ్ళకి అదే చెప్పు. నేను కూడా వచ్చి చెప్తాను."

నెల్డా నవ్వింది. అది నవ్వు కాదు. "అంటే నువ్వు మునిగి మీ అన్నని ఒడ్డున పడేశావన్నమాట. ఎంత పుణ్యాత్ముడివి."

"ఇదే మొదటిసారా?" అని అడిగాడు హోలిస్.

ఆ ప్రశ్న అడిగాక గాని అడగాల్సిందని తోచలేదు. వెండెల్ కళ్ళు ఒక్క క్షణం పక్కకి పోయాయి. పోయి, కిటికీ అవతల ఎక్కడో ఆగాయి. అది చాలు. చిన్నప్పుడు కోళ్ళగూడు తలుపు ఎవరు తెరిచారని అమ్మ అడిగినప్పుడు కూడా వాడి కళ్ళు అలాగే పోయేవి.

"ఏసీ మరమ్మతులు చేసుకునేవాడివి, ముందు వరండా అంతా కొత్తగా కట్టించావు" అంది నెల్డా నెమ్మదిగా. "ఆ పడవ కొన్నావు. అత్తయ్య సమాధి మీద రాయి వేయిద్దామని మీ అన్న సగం ఇస్తానంటే, వద్దు, మొత్తం నేనే పెడతానన్నావు. గ్రానైటు రాయి."

"వదినా, ఆ రాయి మాట తేవద్దు."

"ఆ రాయి కూడానా?" అన్నాడు హోలిస్.

వెండెల్ తల దించుకున్నాడు. హోలిస్ కుర్చీలో కూలబడ్డాడు. ప్రతి ఈస్టర్‌కీ ఆ రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. తమ్ముడు ఎంత చేతకానివాడైనా అమ్మకి మాత్రం ఈ ఒక్క పని చేశాడని అక్కడ కూర్చున్నప్పుడల్లా అనుకునేవాడు.

"ఎలా గెలిచావురా?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, అర్థంకాని బాధ తప్ప. "నీకు ఆట తెలీదు. ఎప్పుడూ తెలీదు. బడిలో వారం తిరక్కుండానే కోచ్ నిన్ను ఇంటికి పంపించేశాడు. అన్నిసార్లు ఎలా గెలిచావు?"

ఇక్కడ వెండెల్ చెప్పకుండా ఉండాల్సింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ పాడుబుద్ధి ఏమిటంటే, అంత జరుగుతున్నా వాడికి తన తెలివి అన్నకి చెప్పుకోవాలని ఉంది.

"నాకు తెలీదు. నీకు తెలుసు" అన్నాడు. "శుక్రవారం ట్రక్కులో నువ్వు వల్లెవేస్తావు కదా. మర్నాడు నీ కింది రెఫరీలకి ఏం చెప్పాలో అదంతా నా ముందు ముందుగా చెప్పి చూసుకుంటావు. రేపు బంతి అందుకునేవాళ్ళని ఎవడైనా పట్టి ఆపితే మొదటి నుంచే తప్పు కింద జెండా విసరండి, ఎవడినీ వదలొద్దు, అంటావు. అలా అన్న వారం రెండు జట్లకీ కలిపి పాయింట్లు ఎక్కువ పడతాయి. ఎక్కువ మీద కాస్తాను. ఈ వారం పిల్లల్ని ఆడుకోనివ్వండి, చిన్నవి చూసీ చూడనట్టు వదిలెయ్యండి, అంటావు. అప్పుడు తక్కువ మీద కాస్తాను. ప్రతిసారీ గెలవలేదనుకో. చాలాసార్లు గెలిచాను. మొన్న మాత్రం నువ్వేమీ చెప్పలేదు, డిసెంబర్ ఆట గురించే మాట్లాడావు దారంతా. అందుకే ఊరికే కూసాడా మీద కాసి మునిగిపోయాను."

నెల్డా చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టేసింది.

హోలిస్‌కి కళ్ళముందు ఆ రోడ్డంతా తిరిగింది. పైన్ చెట్లు, పెట్రోలు బంకులు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్మే బండ్లు. పక్కన తమ్ముడు స్టీరింగు పట్టుకుని, ఊఁ, ఆ తర్వాత, మళ్ళీ చెప్పన్నయ్యా, అంటూ ఉండేవాడు. ఎంత ఓపికగా వింటాడో అనుకునేవాడు. ఆ ఆటల్లో ఒక్క జెండా కూడా అన్యాయంగా విసరలేదు, అది దేవుడికి తెలుసు. అయినా ఆ శుక్రవారాలన్నీ టైర్ల కొట్లో అమ్ముడుపోయాయి. అమ్మినవాడు తమ్ముడు, సరుకు తను.

ఫోను మోగింది. బోర్లా పడి ఉన్న నెల్డా ఫోను కాదు, గోడ పక్కన చార్జింగులో ఉన్న హోలిస్ ఫోను. లీగ్‌లో రెఫరీలందరికీ పైవాడు, గస్ మెరివెదర్.

"అన్నయ్యా, తియ్యకు" అన్నాడు వెండెల్.

హోలిస్ తీశాడు. మెరివెదర్‌కి చెవుడు పట్టిన దగ్గర్నుంచీ ఫోన్లో అరిచినట్టే మాట్లాడతాడు. గదిలో ముగ్గురికీ ఆయన గొంతు వినపడుతోంది.

"హోలిస్, భోంచేశావా? చెయ్యనివ్వలేదనుకో. ఆ వీడియో చూశావా?"

"చూశాను సార్."

"ఎవడు వాడు?"

"మా తమ్ముడు. టికెట్టు నేనిచ్చిందే."

"కాశాడా?"

"కాశాడు."

అవతల పెద్ద నిట్టూర్పు. "నీకు తెలుసా?"

"తెలీదు సార్. ఇప్పుడే, ఈ బల్ల దగ్గర, తెలిసింది."

"నేనూ అదే అనుకున్నాను. మీవాడి ఏడుపు చూస్తేనే తెలుస్తోంది నీకు తెలీదని. ప్రతి ఇంట్లోనూ ఉంటాడు ఇలాంటి వెధవ ఒకడు, మా ఇంట్లో ఇద్దరున్నారు. ఇదిగో చూడు, పైవాళ్ళకి నేను సర్దిచెప్పుకుంటాను. ఇంకెప్పుడూ వాడిని స్టేడియం ఛాయలకి రానివ్వకు. ఇక ఒక్క ప్రశ్న అడగాలి, అడిగానని చెప్పుకోవడానికి అడుగుతున్నాను. ఆటల గురించి నీ దగ్గర్నుంచి వాడికి ఎప్పుడైనా ఏమైనా వెళ్ళిందా? లేదను. లేదంటే రాసుకుని మూసేస్తాను. డిసెంబర్‌లో తెల్ల టోపీ నీదే."

వెండెల్ బల్లకి అవతల నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు. రెండు చేతులూ జోడించాడు. నెల్డా సింకు వైపు తిరిగి నిలబడింది, భర్త మొహం చూడకుండా. చూస్తే తనేం చెప్పమంటుందో ఆవిడకే భయం వేసింది.

హోలిస్ ఫోను చెవికి పెట్టుకుని తమ్ముడినే చూస్తున్నాడు. కోపం పొంగుతోంది. ఎవరి మీద కోపం? నిన్న ఐసు విసిరినవాళ్ళకి ఒక పాయింటు ఇవ్వలేదు, నిబంధన ఒప్పుకోదని. అమ్మని తిట్టినా ఇవ్వలేదు, డీకన్ చెయ్యి ఇవ్వకపోయినా తగ్గలేదు. ఇప్పుడు మెరివెదర్ ఎంతో దయగా తలుపు బార్లా తెరిచి, లోపలికి రమ్మని పిలుస్తున్నాడు. ఒక్క మాట చాలు. ఆ మాట తను చెప్పగలడని ఈ ఎదురుగా చేతులు జోడించుకున్నవాడు నిజంగా అనుకుంటున్నాడు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని, వీడు తన గురించి తెలుసుకున్నది ఇదా?

"వెళ్ళింది సార్" అన్నాడు.

"ఏంటీ?"

"నా దగ్గర్నుంచే వెళ్ళింది. శుక్రవారాలు ప్రయాణంలో నా వాళ్ళకి చెప్పబోయేది పైకి అనుకునేవాడిని. వాడు విని కాసేవాడు. నాకు తెలీదు. కానీ వెళ్ళింది."

మెరివెదర్ మళ్ళీ మాట్లాడినప్పుడు అరవలేదు. "ఎందుకయ్యా చెప్పావు" అన్నాడు.

"మీరు అడిగారు సార్."

"ఇక నా చేతిలో ఏమీ లేదు హోలిస్. డిసెంబర్ ఆటే కాదు, చారల చొక్కా కూడా పోయినట్టే."

"తెలుసు సార్."

"ఒక్క సంగతి. నిన్నటి నిర్ణయం మేం నలుగురం కూర్చుని చూశాం. అక్షరాలా సరైంది. అది నీకు చెప్పాలని."

"థాంక్స్ సార్" అని హోలిస్ ఫోను పెట్టేశాడు.

వెండెల్ ముందు మాట్లాడాడు. సిగ్గు లేదు చూడండి, ముందు వాడే మాట్లాడాడు. "ఒక్క మాట అన్నయ్యా. లేదంటే పోయేది. ఆయనే నోట్లో పెట్టాడు నీకు. ఎవడికోసం చెప్పావు ఇది? నాకోసమా? నామీద కక్షతోనా?"

హోలిస్ వాడి భుజం పట్టుకుని వెనక తలుపు దాకా నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. వెండెల్ కొడతాడేమోనని కళ్ళు మూసుకున్నాడు. కొట్టలేదు. మెట్టు దింపి వదిలేశాడు.

"ఫుట్‌బాల్ తప్ప ఇంకో ఊసు లేని ఊరిది" అన్నాడు. "రెఫరీనైనందుకు ఈ ఊళ్ళో నేను ఫుట్‌బాల్ మాట ఎత్తకూడదు. క్షవరం చేయించుకునేటప్పుడు నోరు మూసుకున్నాను. చర్చిలో మూసుకున్నాను. నా కొడుకు ఆట గురించి అడిగితే చెప్పకూడదన్నాను, వాడు అడగడం మానేశాడు. తెలిసినవాళ్ళందరూ ఒక్కొక్కరే దూరమయ్యారు. నీతో ఒక్కడితోనే మాట్లాడాన్రా. వారానికి ఒక్క పూట, ఆ ట్రక్కులో, మనిషిలా మాట్లాడాను. వల్లెవెయ్యడం కాదది. నాకు మాట్లాడటానికి ఇంకెవరూ లేక."

వెండెల్ ఏడుస్తున్నాడు. స్టేడియంలో ఏడ్చినట్టు కాదు, చప్పుడు లేకుండా. "తిట్టన్నయ్యా" అన్నాడు. "అలా చూడకు. నాలుగు తిట్టు. అమ్మ మీద ఒట్టు, పడతాను."

తిట్టు నోటిదాకా వచ్చింది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి నేర్చుకున్నవే, ఒకటి కంటే ఒకటి పెద్దవి. పళ్ళ వెనక నిలబడి ఉన్నాయి. కానీ ఇన్నేళ్ళూ ఈ మనిషికి తను ఇచ్చిన ప్రతి మాటకీ ఎక్కడో ఎవడో ధర కట్టాడు. ఒక్క తిట్టు కూడా వాడికి ఇవ్వబుద్ధి కాలేదు. హోలిస్ లోపలికొచ్చి తలుపు వేసుకున్నాడు.